బీఎస్సీ కెమిస్ట్రీ: పాఠాల వరుసకు ఒక చరిత్ర

పోయిన వేసవిలో మన సంఘం సర్వసభ్య సమావేశానికి వచ్చినప్పుడు బడి వరండాలో ఒక తండ్రీ కూతురూ నా కోసం నిలబడి ఉన్నారు. అమ్మాయి మన బడిలోనే పదో తరగతి చదివి, పట్నంలో ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. డిగ్రీలో కెమిస్ట్రీ మేజర్‌గా తీసుకోవాలని ఆమె కోరిక. "సార్, మీరు కెమికల్ ఇంజనీరు కదా. ఏ సెమిస్టర్‌లో ఏం చదవాలో, ఏది ముందో ఏది వెనకో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మా ఇంట్లో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు" అన్నాడు ఆ తండ్రి.

ముప్ఫై ఏళ్ళుగా ఫ్యాక్టరీల్లో పనుల వరుస గీయడమే నా ఉద్యోగం. అయినా ఆ కాగితం అప్పటికప్పుడు రాయలేకపోయాను. వారం రోజులు గడువు అడిగి, ఇంటికి వెళ్ళి సిలబస్‌లు ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు ఒక సంగతి అర్థమైంది. కెమిస్ట్రీలో పాఠాల వరుసను ఏ ఒక్క కమిటీయో కూర్చుని నిర్ణయించలేదు. అది రెండు వందల ఏళ్ళలో పొర మీద పొరగా ఏర్పడింది. ఆ పొరలు తెలిస్తే ఏది ముందు, ఏది వెనక అన్నది చాలావరకు తేలిపోతుంది. అందుకే స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు ఈ చరిత్రనే ఎంచుకున్నాను. ఇది జర్మనీలో మొదలైనా చివరికి మన పదో తరగతి గదికే వస్తుంది.

ముందు వచ్చింది ప్రయోగశాల

1824లో జర్మనీలోని గీసెన్ అనే చిన్న ఊరి విశ్వవిద్యాలయంలో యూస్టస్ లీబిగ్ అనే 21 ఏళ్ళ యువకుడు ఆచార్యుడిగా చేరాడు. అంతకుముందు చాలాచోట్ల కెమిస్ట్రీ అంటే ఆచార్యుడు బల్ల మీద ప్రయోగం చేసి చూపించడం, విద్యార్థులు దూరంగా కూర్చుని చూడడం. లీబిగ్ విద్యార్థుల చేతికే పరీక్షనాళికలు ఇచ్చాడు. వాళ్ళు నడవవలసిన దారిని కూడా మెట్లుగా కట్టాడు. మొదట తెలియని పదార్థంలో ఏముందో కనిపెట్టాలి. తర్వాత అది ఎంత ఉందో తూచి లెక్కకట్టాలి. ఆ తర్వాత పదార్థాలను స్వయంగా తయారుచెయ్యాలి. చివరికి సొంతంగా ఒక సమస్య తీసుకుని పరిశోధన చెయ్యాలి.

మనలో డిగ్రీ చదివినవాళ్ళకు ఈ మెట్లు ఎక్కడో చూసినట్టే ఉంటాయి. మొదటి ఏడాది సాల్ట్ అనాలసిస్, ఆ తర్వాత బ్యూరెట్, పిపెట్‌లతో టైట్రేషన్లు, ఆపైన ఆర్గానిక్ ప్రిపరేషన్లు, చివర్లో ప్రాజెక్టు. గీసెన్ మెట్లే మన ఊళ్ళదాకా నడిచి వచ్చాయి. వాటిని పుస్తకంగా మోసుకొచ్చినవాడు ఫ్రెసీనియస్. గుణాత్మక విశ్లేషణ మీద 1841లో పుస్తకం వెలువరించి, తర్వాత గీసెన్‌లో లీబిగ్ దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. ఆ పుస్తకం ఎన్నో ముద్రణలు, ఎన్నో అనువాదాలు పొందింది. 1845లో లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీ పెట్టినప్పుడు దాన్ని నడపడానికి వెళ్ళిన హాఫ్‌మన్ కూడా లీబిగ్ శిష్యుడే. ఆ హాఫ్‌మన్ దగ్గర చదువుతున్న పెర్కిన్ 1856లో, 18 ఏళ్ళ వయసులో, మావ్ అనే కృత్రిమ రంగును కనిపెట్టాడు. విద్యార్థి చేతికి పరీక్షనాళిక ఇస్తే ఏం జరుగుతుందో లోకానికి తెలిసింది.

సాల్ట్ అనాలసిస్‌కు ఇంకొక గుణం ఉంది. వరుస తప్పితే ఫలితం తప్పుతుందని అది చేతికి నేర్పుతుంది. రెండో గ్రూపులో హైడ్రోజన్ సల్ఫైడ్ పంపాం. మూడో గ్రూపుకు వెళ్ళే ముందు ఆ వాయువును మరిగించి పూర్తిగా వెళ్ళగొట్టి, కొంచెం నత్రికామ్లం వేసి ఇనుమును ఫెర్రస్ నుంచి ఫెర్రిక్ స్థితికి తేవాలి. తొందరపడి ఆ మెట్టు దాటేస్తే ఇనుము మూడో గ్రూపులో పూర్తిగా అవక్షేపం కాదు. ఎక్కడో కింది గ్రూపుల్లో తేలి గందరగోళం చేస్తుంది. వదిలేసిన మెట్టు వెంటనే కనబడదు, రెండు మెట్లు కిందకు పోయాక కనబడుతుంది. పాఠాల వరుస సంగతీ ఇంతే.

పాఠం చెప్పబోయి కనిపెట్టినవి

పాఠ్యప్రణాళిక వెయ్యడం గుమాస్తా పని అని మనం అనుకుంటాం. కెమిస్ట్రీలో రెండుసార్లు ఆ పనే శాస్త్రాన్ని మలుపు తిప్పింది.

1850ల నాటికి కెమిస్ట్రీలో పెద్ద అయోమయం ఉండేది. ఆక్సిజన్ పరమాణు భారం కొందరికి 8, కొందరికి 16. అందువల్ల నీటికి ఒక్కొక్కరు ఒక్కొక్క ఫార్ములా రాసేవారు. 1861లో కెకూలే తన పాఠ్యగ్రంథంలో ఒక్క ఎసిటిక్ ఆమ్లానికే వాడుకలో ఉన్న 19 ఫార్ములాలను వరుసగా చూపించాడు. ఇటలీలో జెనోవా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్న కానిజారోకు ఇది రోజువారీ సమస్య. ఏ ఫార్ములా అని విద్యార్థులకు చెప్పాలి? అవొగాడ్రో సూత్రాన్ని ముందు పెట్టి, దాని నుంచి అణుభారాలు, వాటి నుంచి పరమాణు భారాలు వచ్చేలా ఆయన తన పాఠాల వరుసను మార్చుకున్నాడు. ఆ వరుసనే 1858లో వ్యాసంగా ప్రచురించాడు. 1860 సెప్టెంబరులో కార్ల్స్‌రూహెలో సుమారు 140 మంది రసాయన శాస్త్రజ్ఞులు సమావేశమైనప్పుడు, చివర్లో ఆయన మిత్రుడు పావెసి ఆ వ్యాసాన్ని కరపత్రంలా పంచిపెట్టాడు. ఒక అధ్యాపకుడి పాఠాల పట్టీ దేశదేశాల వాళ్ళ లెక్కలను దారిలో పెట్టింది.

ఆ సమావేశంలో కూర్చున్నవాళ్ళలో 26 ఏళ్ళ మెండలీవ్ ఒకడు. కొన్నేళ్ళ తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ బోధించవలసి వచ్చినప్పుడు తగిన పుస్తకం లేక తానే రాయడం మొదలుపెట్టాడు. మొదటి సంపుటంలో హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్, హాలోజన్లు చెప్పేసరికే పుస్తకం నిండిపోయింది. అప్పటికి తెలిసిన 63 మూలకాల్లో ఎనిమిది మాత్రమే అయ్యాయి. మిగతా 55 మూలకాలను ఒక్క సంపుటంలో ఏ వరుసలో చెప్పాలి? హాలోజన్ల తర్వాత క్షార లోహాలు చెప్పాలా, ఎందుకు? ఈ చిక్కు విప్పబోయి పరమాణు భారాల వరుసన పెట్టి చూసినప్పుడు 1869లో ఆవర్తన పట్టిక రూపుకట్టింది. అందులో ఆయన వదిలిన ఖాళీలు 1875లో గాలియంతో, 1879లో స్కాండియంతో, 1886లో జర్మేనియంతో నిండాయి. మన బడి లాబ్ గోడకు వేలాడిన ఆ పటం మొదట ఒక సిలబస్ సమస్యకు జవాబు.

మూడో శాఖ, దాని వెంట లెక్కలు

అప్పటికి కెమిస్ట్రీలో ప్రధానంగా రెండు శాఖలు: అకర్బన, కర్బన రసాయన శాస్త్రాలు. మూడోదైన భౌతిక రసాయన శాస్త్రం ఆలస్యంగా నిలదొక్కుకుంది. 1887లో ఆస్ట్వాల్డ్ లైప్‌జిగ్‌లో ఆచార్యుడయ్యాడు. అదే ఏడాది వాంట్ హాఫ్‌తో కలిసి ఆ శాఖకు ఒక పత్రిక ప్రారంభించాడు. చర్యావేగాలు, సమతాస్థితి, ద్రావణాలు, విద్యుత్ రసాయనం అన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి.

ఈ మూడో శాఖతో పాటు కొత్త చిక్కు వచ్చింది. మొదటి రెండింటికీ జ్ఞాపకం, చేతి నేర్పు, తర్కం ఉంటే చాలావరకు సరిపోయేది. దీనికి కలన గణితం కావాలి. కెమిస్ట్రీకి వచ్చే విద్యార్థుల్లో చాలామందికి అది రాదు. ఈ ఇబ్బంది ఎంత పాతదంటే, 1895లోనే నెర్న్‌స్ట్, షోన్‌ఫ్లీస్ అనే గణితజ్ఞుడితో కలిసి ప్రకృతి శాస్త్రాల విద్యార్థులకు గణితం నేర్పే పుస్తకం రాయవలసి వచ్చింది. 1902లో ఇంగ్లీషులో మెల్లర్ కూడా కెమిస్ట్రీ, ఫిజిక్స్ విద్యార్థుల కోసం గణిత గ్రంథం వెలువరించాడు. 1926లో ష్రోడింగర్ తరంగ సమీకరణం, మరుసటి ఏడాది హైట్లర్, లండన్‌లు హైడ్రోజన్ అణువులోని బంధానికి చెప్పిన వివరణ వచ్చాక లెక్కలు లేకుండా బంధం గురించి లోతుగా మాట్లాడడమే కష్టమైంది.

గంటల లెక్క ఎక్కడిది?

ఈనాడు పిల్లలు క్రెడిట్ల గురించి మాట్లాడతారు. ఈ మాటకూ కెమిస్ట్రీకీ చుట్టరికం ఉంది. 1869లో హార్వర్డ్ అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ అంతకుముందు కెమిస్ట్రీ అధ్యాపకుడు; 1867లో స్టోరర్‌తో కలిసి అకర్బన రసాయన శాస్త్రం మీద పాఠ్యగ్రంథం రాశాడు. మెండలీవ్, ఎలియట్ ఇద్దరూ 1834లో పుట్టినవాళ్ళే. ఒకే ఏడాది ఒకాయన మూలకాలను గళ్ళలో పెట్టాడు, ఇంకొకాయన విద్యార్థిని గళ్ళలోంచి బయటకు వదిలే పని మొదలుపెట్టాడు. అందరూ ఒకే పాఠాలు చదవాలన్న నియమాన్ని సడలించి, నచ్చిన పాఠాలు ఎంచుకునే పద్ధతిని ఎలియట్ హార్వర్డ్‌లో విస్తరించాడు.

ఎంపిక వచ్చాక కొలత కావలసి వచ్చింది. 1906 నుంచి కార్నెగీ ఫౌండేషన్ కాలేజీ అధ్యాపకులకు పింఛన్లు ఇవ్వడానికి పూనుకుని, ఆ పథకంలో చేరే కాలేజీలు విద్యార్థుల చదువును గంటల లెక్కన కొలవాలని షరతు పెట్టింది. బడిలో ఒక సబ్జెక్టుకు ఏడాదికి 120 గంటలు ఒక యూనిట్. ఈ లెక్కే పెరిగి క్రెడిట్ అయింది. మన దగ్గర ఇప్పుడు సెమిస్టర్‌కు 15 గంటల పాఠం ఒక క్రెడిట్. ప్రయోగశాలలో అయితే 30 గంటలు ఒక క్రెడిట్. అధ్యాపకుల పింఛను కోసం పుట్టిన కొలతతో మన పిల్లల చదువును కొలుస్తున్నాం. ఎన్ని గంటలో ఆ కొలత చెబుతుంది. ఏది ముందో అది చెప్పదు.

మన నేల మీద

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. చాలాకాలం మద్రాసులో సైన్సు చదివినా చేతికి వచ్చేది బి.ఏ. పట్టాయే. సి.వి. రామన్ 1904లో భౌతికశాస్త్రంతో పొందిన డిగ్రీ బి.ఏ. అని మనలో చాలామందికి తెలియదు. కెమిస్ట్రీ బోధనకు ఈ దేశంలో ప్రాణం పోసినవాడు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే. ఎడిన్‌బరోలో డి.ఎస్సీ. పొంది 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరాడు. ఆయన శిష్యుడైన జె.సి. ఘోష్ 1950లలో ఖరగ్‌పూర్ ఐఐటీకి మొదటి డైరెక్టర్‌గా పనిచేశారు.

మన వైపు 1926లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ఏర్పడింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విరాళంతో అక్కడ సైన్సు, టెక్నాలజీ కళాశాల నిలబడింది. 1930లలో టి.ఆర్. శేషాద్రి గారు వాల్తేరు వచ్చి కెమిస్ట్రీ విభాగాన్ని పెంచారు. మొక్కల్లోని రంగు పదార్థాల మీద ఆయన, ఆయన శిష్యులు చేసిన పని ప్రపంచమంతా తెలిసింది. 1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. హైదరాబాదులో 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం సైన్సును సైతం ఉర్దూలో బోధించింది. అందుకోసం ముందే అనువాద సంస్థను నెలకొల్పారు. తెలుగులో ఆ పని 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీతో పుంజుకుంది. కలన గణితం, ఉష్ణగతిక శాస్త్రం వంటి మాటలు డిగ్రీ పిల్లల నోట నానింది ఆ పుస్తకాల వల్లనే.

డిగ్రీ మూడేళ్ళు ఉండాలని 1948-49లో రాధాకృష్ణన్ కమిషన్ సిఫార్సు చేసింది. మన రాష్ట్రంలో 1969లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చాక పది, రెండు, మూడు అన్న మెట్లు స్థిరపడ్డాయి. మూడు సబ్జెక్టుల గ్రూపులు మనందరికీ తెలిసినవే: ఎంపీసీ, బీజెడ్‌సీ. కెమిస్ట్రీ రెండింటిలోనూ ఉంది, కానీ ఒకదానిలో దానికి తోడు లెక్కలు, ఇంకొకదానిలో లేవు. అమెరికాలో ఒక్కొక్క శాఖను ఒక్కొక్క ఏడాది కూర్చోబెట్టి, కలన గణితం, ఫిజిక్స్ అయ్యాకే ఫిజికల్ కెమిస్ట్రీకి రానిస్తారు. మన దగ్గర మూడు శాఖలనూ ముక్కలు చేసి ప్రతి ఏడాదీ కొంత కొంత వడ్డించారు. దానివల్ల అన్నీ మెల్లగా అలవాటవుతాయి. నష్టం ఏమిటంటే, లెక్కలు రాకపోయినా గేటు దగ్గర ఎవరూ ఆపరు. లోపలికి వెళ్ళాకే తెలుస్తుంది.

2015 తర్వాత సెమిస్టర్లు, ఎంపిక క్రెడిట్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి మూడు సమాన సబ్జెక్టుల స్థానంలో ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి మొదలైంది. పాత గ్రూపులో అడగకుండానే వచ్చే తోడు సబ్జెక్టును ఇప్పుడు విద్యార్థే అడిగి తెచ్చుకోవాలి.

నా బెంచీ మిత్రుడు

ఇంజనీర్లు పనుల వరుసకు వాడే క్రిటికల్ పాత్ పద్ధతి పుట్టింది కూడా ఒక కెమికల్ కంపెనీలోనే. 1957లో డ్యూపాంట్ సంస్థలో వాకర్, రెమింగ్టన్ రాండ్ సంస్థకు చెందిన కెల్లీ దాన్ని రూపొందించారు. ప్రతి పనికీ ముందు ఏ పని కావాలో బాణాలు గీస్తే, అన్నిటికంటే పొడవైన దారి బయటపడుతుంది. ఆ దారిలో ఒక్క రోజు ఆలస్యమైనా మొత్తం పని ఆలస్యమవుతుంది.

డిగ్రీ కెమిస్ట్రీకి అదే పటం గీశాను. చివరన స్పెక్ట్రోస్కోపీ. దాని ముందు క్వాంటం. దాని ముందు ఉష్ణగతికం, గతిశాస్త్రం. వాటి ముందు కలనం. దాని ముందు ఇంటర్ లెక్కలు. బాణం అక్కడ ఆగలేదు, మన బడిలో పదో తరగతి చివర గ్రూపు ఎంచుకునే రోజు దాకా వెనక్కి వచ్చింది. పొడవైన దారి అదే.

ఆ దారిలో జారిపడిన మనిషి నా పక్కనే కూర్చున్నాడు. నాకూ వాడికీ ఒకే బెంచీ. పదో తరగతిలో లెక్కల్లో నాకంటే వాడికే ఎక్కువ మార్కులు. డాక్టరు కావాలని ఇంట్లో అన్నారు గనక బైపీసీకి వెళ్ళాడు. సీటు రాలేదు. బీజెడ్‌సీలో చేరి కెమిస్ట్రీ మీద ప్రేమ పెంచుకున్నాడు. ఎమ్మెస్సీలో చేరిన మొదటి ఏడాది బోర్డు మీద తరంగ సమీకరణం చూసి బిత్తరపోయాడు. ఐదేళ్ళు లెక్కల పుస్తకం ముట్టని చెయ్యి కదా. ఫిజికల్ కెమిస్ట్రీ పేపరు తప్పాడు. ఏడాది పోయింది. ఆ ఏడాది ఖర్చుకు వాళ్ళ నాన్నగారు పాడిగేదెను అమ్మారు. వాడు మా ఇంటికి వచ్చి అటక మీద ఉన్న నా ఇంటర్ లెక్కల పుస్తకాలు దింపి పట్టుకుపోయాడు. ఇరవై రెండేళ్ళ వయసులో మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి నేర్చుకున్నాడు, పాసయ్యాడు. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాడు. అక్కడ టైమ్‌టేబుల్ వేసేదీ వాడే.

నేను గీసిన పటం వాడికి పంపితే రాత్రి ఫోన్ చేశాడు. "ఒరేయ్, పటం బాగుంది. కానీ ఇది నాకు ముప్ఫై ఏళ్ళ క్రితం చూపించాల్సిందిరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మాయికి ఇచ్చిన కాగితం

ఇద్దరం కలిసి రాసిన కాగితంలో ఉన్నది ఇంతే. కాలేజీ తెరిచేలోపు ఇంటర్ మొదటి ఏడాది లెక్కల పుస్తకం తెచ్చుకుని లాగరిథమ్స్, ఘాతాలు, ప్రమేయాల గ్రాఫులు చెయ్యాలి. మొదటి ఏడాది ముగిసేలోపు అవకలనం, సమాకలనం రోజుకు అరగంట. ఉష్ణగతికం పాఠం మొదలుకాక ముందే పాక్షిక అవకలనం, క్వాంటం ముందు చిన్న అవకల సమీకరణాలు, నిర్ధారకాలు. ప్రాక్టికల్ ఒక్కటి కూడా మానకూడదు, ఎందుకంటే పాఠం ఇంట్లో చదువుకోవచ్చు గాని బ్యూరెట్ ఇంట్లో ఉండదు. పరికరాలతో విశ్లేషణ వంటి ఎంపిక పాఠాలు స్పెక్ట్రోస్కోపీ తర్వాతే. ఎమ్మెస్సీ కోసం ఐఐటీల జామ్ పరీక్ష రాసేట్టయితే అది మూడో ఏడాది ఫిబ్రవరిలోనే వస్తుంది గనక ముఖ్యమైనదేదీ ఆరో సెమిస్టర్‌కు మిగల్చకూడదు.

ఆ అమ్మాయి కాగితం చదివి, "సార్, పదిలో నాకు లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. మరి ఇది అప్పుడే ఎవరూ చెప్పలేదేం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మన సంఘం ఇన్నేళ్ళలో గదులు కట్టించింది, బెంచీలు ఇచ్చింది, బహుమతులు ఇచ్చింది. అవన్నీ అవసరమే. అయితే పరీక్షలు ముగిసి పిల్లలు గ్రూపు ఎంచుకునే ముందు ఒక పూట వాళ్ళ పక్కన కూర్చుని, ఏ దారి ఎక్కడిదాకా పోతుందో చెప్పే పని మనం చెయ్యలేదు.

మనలో డాక్టర్లున్నారు, అకౌంటెంట్లున్నారు, రైతులున్నారు, టీచర్లున్నారు. ఎవరి చదువుకు ఏ వరుసో వారికే తెలుసు. ప్రధానోపాధ్యాయుల వారు అనుమతిస్తే వచ్చే జనవరిలో ఒక శనివారం పదో తరగతి గదిలో ఆ పని మొదలుపెడదామని సంఘానికి నా మనవి. నేను, నా బెంచీ మిత్రుడు వస్తాం. పాత పటం కూడా వెంట తెస్తాం.